మందార వరుస పీకి లెట్యూస్ స్తంభాలా?

ఇది కొంచెం పొడుగు పోస్టు. మా పోస్టులు అలవాటైనవాళ్ళు టీ కప్పు పక్కన పెట్టుకోండి, కొత్తగా చేరినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

తోట కమిటీ గ్రూపులో పెట్టిన స్లైడ్లు అందరం చూశాం. తూర్పు ప్రహరీ వెంబడి ఉన్న మందార వరుసను మొత్తం తీసేస్తారట. ఆ చోట పాలీషీటు కప్పు వేసి, హైడ్రోపోనిక్ స్తంభాలు నిలబెట్టి, లెట్యూస్, బేసిల్, పాక్‌చోయ్ పండిస్తారట. కొటేషన్ అంకె స్లైడ్లలోనే ఉంది, మళ్ళీ ఇక్కడ రాసి ఎవరి బీపీ పెంచం. ఏడాదికోసారి కట్టాల్సిన నిర్వహణ ఒప్పందం దానికి అదనం. ఆదివారం జనరల్ బాడీలో ఓటింగ్. మేము, అంటే బీ, డీ బ్లాకుల్లో మొక్కల పిచ్చి ఉన్న కొన్ని కుటుంబాలవాళ్ళం, దీనికి వ్యతిరేకంగా ఓటు వేస్తున్నాం. మీరూ అలాగే వేయాలని అడగడానికే ఈ రాత.

ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే కామెంట్లలో మమ్మల్ని పాతకాలపు మనుషులని తేల్చేస్తారు. హైడ్రోపోనిక్స్ మీద మాకు పగ లేదు. మాలో ఇద్దరి బాల్కనీల్లో మూత ఉన్న బకెట్లలో పాలకూర పెరుగుతోంది. మోటారు లేదు, కరెంటు లేదు. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. నీళ్ళు తగ్గేకొద్దీ పైన గాలి తగిలే వేళ్ళు ఊపిరి పీల్చుకుంటాయి, కింది వేళ్ళు నీళ్ళు తాగుతాయి. అంతే సంగతి. మట్టి లేకుండా మొక్కను పెంచడం ఒక విద్య. విద్యను నేర్చుకోవచ్చు, నేర్పించవచ్చు. ఇక్కడ మనకు నేర్పిస్తామని ఎవరూ అనడం లేదు. కొనిపిస్తామంటున్నారు. మా తగాదా అక్కడే.

స్లైడ్లన్నింటికీ ఆధారం ఒకటే మాట: "నీళ్ళు తొంభై శాతం ఆదా."

ఈ మాట అబద్ధం కాదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో లెక్కగట్టారు. అక్కడి యూమా ప్రాంతంలో కిలో లెట్యూస్‌కు పొలంలో సుమారు 250 లీటర్లు పడితే, హైడ్రోపోనిక్స్‌లో సుమారు 20 లీటర్లు చాలు. బాగుంది. అదే లెక్కలో ఇంకో వరుస ఉంది, అది స్లైడ్లలో లేదు: ఇంధనం, కరెంటు కలిపి పొలం కంటే 82 రెట్లు ఎక్కువ. అందులో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్‌ను వేడి చేయడానికి, చల్లబరచడానికి పోయింది కాబట్టి బెంగళూరు వాతావరణంలో అంత కాదని మేమూ ఒప్పుకుంటాం. కానీ అసలు ప్రశ్న అది కూడా కాదు. తొంభై శాతం ఆదా దేనిలో? మన ప్రహరీ పక్కన ఇప్పుడు లెట్యూస్ పొలం లేదే! లేని ఖర్చులో తొంభై శాతం మిగిలిందని సంబరపడితే, కొనని కారుకు పెట్రోలు ఆదా అయిందన్నట్టే. పోలిక పెట్టాల్సింది పొలం లెట్యూస్‌కూ స్తంభం లెట్యూస్‌కూ మధ్య కాదు. మందార వరుస ఇవాళ తాగే నీళ్ళకూ, రేపు స్తంభాలు తాగబోయే నీళ్ళకూ మధ్య.

మందార వరుస తాగేది ఎస్‌టీపీ నుంచి వచ్చే శుద్ధి చేసిన నీళ్ళు. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, స్నానానికి పనికిరావు. ఫ్లష్‌కూ తోటకూ వాడగా మిగిలింది కాలవలోకే. స్తంభాలకు ఆ నీళ్ళు పెట్టగలమా? పచ్చిగా నమిలి తినే ఆకుకు మురుగు శుద్ధి చేసిన నీళ్ళు ఎవరు పెడతారు? కంపెనీ ప్రతినిధిని అడిగితే "ఫ్రెష్ వాటర్ సార్" అన్నాడు. అంటే సంపులో నీళ్ళు. అంటే బోరు, లేదా ట్యాంకరు.

2024 మార్చి ఇంత తొందరగా మరిచిపోయామా? ఎలక్ట్రానిక్ సిటీలో ట్యాంకర్ కోసం వాచ్‌మన్‌లు గేటు దగ్గర కాపు కాశారు. పిల్లలకు సగం బకెట్టుతో స్నానం చేయించాం. ఆ నెలలోనే జలమండలి తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి, ఫౌంటెన్లకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. ఆ ఎండల్లో లాన్ ఎండిపోయింది, ఫెర్నులు చచ్చిపోయాయి. మందార వరుస మాత్రం ఎస్‌టీపీ నీళ్ళు తాగి పూస్తూనే ఉంది. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలైంది, రోజుకు 775 మిలియన్ లీటర్లన్నారు. మంచిదే. అంతమాత్రాన మన బోరులో నీళ్ళు ఊరలేదు.

ఆ బోరు నీటి సంగతి ఇంకో కథ. హైడ్రోపోనిక్స్‌లో నీటి ఉప్పదనాన్ని ఈసీ అనే కొలతతో చూస్తారు. లెట్యూస్‌కు పోషకాలు కలిపాక అది దాదాపు 1.2 నుంచి 1.8 మధ్య ఉండాలి. టీడీఎస్ మీటరు 600 చూపించే నీళ్ళ ఈసీ ఏమీ కలపకముందే దాదాపు 1 ఉంటుంది. ఈ చుట్టుపక్కల 600 వింత అంకె కాదు, మీ ఇంట్లో మీటరు పెట్టి చూసుకోండి. అంటే మొక్క తినే తిండికి చోటు లేకుండా, దాని అవసరానికి మించిన కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లు ముందే కుర్చీలన్నీ ఆక్రమించేశాయన్నమాట. దానికి విరుగుడు ఆర్‌వో. స్లైడ్ తొమ్మిదిలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: "సోర్స్ వాటర్‌ను బట్టి ఆర్‌వో యూనిట్ అదనం." ఇళ్ళలో వాడే ఆర్‌వోలు ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తాయని వంటింట్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కనీసం 60 శాతం నీరు రాబట్టాలని చెప్పాల్సి వచ్చింది కూడా అందుకే. పెద్ద యూనిట్ కాస్త మెరుగ్గా పనిచేస్తుందనుకుందాం. అయినా తొంభై శాతం ఆదాలో ఎంత భాగం ఆ పైపులోంచి కారిపోతుందో కమిటీ లెక్క వేసి చూపించాలి. ఇప్పటిదాకా చూపించలేదు.

రెండు మూడు వారాలకోసారి ట్యాంకులో పాత ద్రావణం పారబోసి కొత్తది కలపాలి. పాతది ఎటు పోతుంది? నత్రజని, భాస్వరం నిండిన ఆ నీళ్ళు మన ఎస్‌టీపీలోకి, అక్కడినుంచి కాలవలోకి, కాలవ నుంచి ఏదో ఒక చెరువులోకి. ఈ ఊళ్ళో చెరువులకు భాస్వరం ఎక్కువైతే ఏమవుతుందో బెళ్ళందూరు నురగ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇక్కడే మనవాళ్ళు చేసిన ఒక పని గుర్తుచేయాలి. హైదరాబాద్ మణికొండ దగ్గర నెక్నాంపూర్ చెరువు ఉంది. మురుగు చేరి, గుర్రపుడెక్క కమ్ముకుని పాడైపోయిన చెరువు. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ 2018 ఫిబ్రవరిలో, ప్రపంచ చిత్తడి నేలల దినం నాడు, నీళ్ళ మీద తేలే ఒక మొక్కల దిబ్బను దింపింది. సుమారు 3,000 చదరపు అడుగులు. అడుగున వెదురు, దాని మీద థర్మోకోల్ గళ్ళు, ఆ పైన గోనె సంచులు, పైన కంకర. మట్టి లేదు. అంటే అది అచ్చమైన హైడ్రోపోనిక్సే. వేళ్ళు నేరుగా చెరువు నీళ్ళలోకి దిగి అందులోని నైట్రేట్లు, ఫాస్ఫేట్లు తిని బతుకుతాయి, నీళ్ళు తేటపడతాయి. అక్కడ నాటిన మొక్కల్లో వట్టివేరు, కన్నా, తులసి, అశ్వగంధతో పాటు ఇంకొకటి ఉంది: మందారం. అవును, మనం పీకేద్దామంటున్న మందారమే. మన పక్కన హెబ్బగోడి చెరువులో కూడా ఇలాంటి తేలే దిబ్బలు పెట్టారు, ఓ ఆదివారం వెళ్ళి చూసిరావచ్చు.

రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూడండి. నెక్నాంపూర్‌లో మట్టిలేని సేద్యం మురికి నీళ్ళు తీసుకుని శుభ్రమైన నీళ్ళు ఇస్తోంది. మన స్లైడ్లలోని మట్టిలేని సేద్యం శుభ్రమైన నీళ్ళు తీసుకుని, అందులో ఉప్పులు కలిపి, వాడి, మురికి చేసి ఇస్తుంది. పేరు ఒకటే, పని తలకిందులు.

"కానీ ఇది భవిష్యత్తు" అన్నారు మీటింగులో ఒక పెద్దమనిషి. భవిష్యత్తు వయసు ఎంతో చూద్దాం. గెరికే అనే ఆయన కాలిఫోర్నియాలో నీళ్ళలో టమాటాలు పెంచి, ఆ సేద్యానికి హైడ్రోపోనిక్స్ అనే పేరు ప్రచారంలోకి తెచ్చింది 1930లలో. మరుసటి ఏళ్ళలో పసిఫిక్‌లోని వేక్ దీవిలో విమాన ప్రయాణికులకు, యుద్ధకాలంలో అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవిలో సైనికులకు కూరగాయలు ఇలాగే పండించారు, ఎందుకంటే అక్కడ నేల రాళ్ళూ రప్పలూ. మట్టి లేనిచోట మట్టి లేకుండా పండించారు. న్యాయమే. మరి మన ప్రహరీ పక్కన మట్టి ఉంది కదా! అసలు ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడే పోషక ద్రావణానికి ఎవరి పేరుందో, ఆ హోగ్లాండ్, తన సహచరుడు ఆర్నన్‌తో కలిసి 1938లోనే రాశాడు: మంచి నేలలో వచ్చే దిగుబడి కంటే నీళ్ళలో పెంచితే ప్రత్యేకంగా ఎక్కువేమీ రాదని. ద్రావణం కనిపెట్టినవాడికే లేని భ్రమ అమ్మేవాడికి ఎందుకో. ఇక మన దేశానికి ఇది వచ్చింది 1940లలో, బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్‌కు. షోల్టో డగ్లస్ అనే ఆయన ఖరీదైన పరికరాలు లేకుండా, చవక వస్తువులతో పేదవాళ్ళు కూడా చేసుకునేలా దాన్ని మార్చి "బెంగాల్ పద్ధతి" అని పుస్తకం రాశాడు. డెబ్భై ఏళ్ళు దాటాక మనం అదే పనికి వార్షిక నిర్వహణ ఒప్పందం మీద సంతకం పెడదామంటున్నాం.

ఇప్పుడు మందారం సంగతి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ప్రహరీ చెట్టు ప్రజెంటేషన్‌కు పనికిరాదు కాబోలు. స్లైడ్లలో దాన్ని "లో వాల్యూ హెడ్జ్" అన్నారు. మన అనంతపురం, కడప వైపు దాసాని చెట్టంటారు, కన్నడంలో దాసవాళ, సంస్కృతంలో జపాకుసుమం. (పోతన గారి పద్యంలో మందారం ఇది కాదనీ, అది దేవతల చెట్టనీ పండితులు చెబుతారు. కాకపోతే ఏం, మన అమ్మలకు ఇదే దేవతల చెట్టు.) పొద్దున ఐదున్నరకు ఆ వరుస దగ్గరకు వెళ్ళి చూడండి. మనవళ్ళను చూసుకోవడానికి చిత్తూరు నుంచి, గుంటూరు నుంచి, హిందూపురం నుంచి వచ్చిన అత్తయ్యలు, మామయ్యలు చేతిలో చిన్న బుట్టతో కనిపిస్తారు. కన్నడం రాదు, ఇంగ్లీషు రాదు, లిఫ్టులో ఎవరూ పలకరించరు. వాళ్ళకు ఈ కాంపౌండులో నలుగురితో మాట కలిసేది ఆ పూల దగ్గరే. లెట్యూస్ కోసుకోవాలంటే యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలట. మా అత్తయ్య గారు బేసిల్ కోసం స్లాట్ బుక్ చేస్తున్న దృశ్యం ఊహించుకుని మేమంతా చాలాసేపు నవ్వుకున్నాం, తర్వాత నవ్వు రాలేదు.

పూల దగ్గర గొడవలు జరుగుతాయి నిజమే. "ఒక్కరే కవరు నిండా కోసుకుపోతున్నారు" అన్న మెసేజ్ నెలకోసారి గ్రూపులో వస్తుంది. పిండినల్లి పడుతుంది, చీమలు వస్తాయి, అదీ నిజమే. దానికి చెట్టు పీకేయడమా మందు? గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టుంది. పిండినల్లికి కత్తిరింపు, గట్టిగా నీళ్ళ పిచికారీ, ఆ తర్వాత వేప సబ్బు. ఆ వేప సబ్బును తయారుచేసింది మన బెంగళూరు హెసరఘట్టలో 1967 నుంచి ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థే. మట్టిలేని పెంపకమే కావాలంటే అదే సంస్థ పులియబెట్టిన కొబ్బరిపీచు పొట్టును, నిలువు తోట చట్రాన్ని కూడా రూపొందించింది. కమిటీ కొటేషన్ తెచ్చుకున్నది ఒక్క కంపెనీ నుంచే. ఊళ్ళో ఉన్న పరిశోధన సంస్థకు ఒక్క ఫోను కూడా చేయలేదు.

పూల గొడవకు మందు ఇంకా తేలిక. ప్రతి ఇంటికీ ఒక మందార మొక్క ఇవ్వండి. కొనక్కర్లేదు. ఆ వరుసను ఏటా రెండుసార్లు కత్తిరించి, ఆ కొమ్మలన్నీ చెత్త బండికి ఎత్తిస్తున్నాం. అందులో ప్రతి పెన్సిలు మందం కొమ్మా ఒక మొక్కే. మన ఎర్ర మందారం ఇక్కడ గింజ కట్టడం అరుదు, కొమ్మ నుంచే వంశం నిలబడుతుంది. మీ అమ్మమ్మ గారి పెరట్లో ఉన్న చెట్టూ ఎవరో ఇచ్చిన కొమ్మే అయ్యుంటుంది.

ఎలా చేయాలో ఇక్కడే రాసేస్తున్నాం, దీనికి స్లైడ్లు అక్కర్లేదు. మరీ లేత పచ్చ కొమ్మ వద్దు, మరీ ముదురు బూడిదరంగు కొమ్మా వద్దు, మధ్యరకం తీసుకోండి. జానెడు పొడవు. కణుపుకు కాస్త కింద పదునైన కత్తెరతో ఏటవాలుగా కోయండి. పైన రెండు మూడు ఆకులు ఉంచి మిగతావి తుంచేయండి, ఉంచిన ఆకులు పెద్దవైతే సగానికి కత్తిరించండి. మొగ్గలుంటే మొహమాటం లేకుండా గిల్లేయండి, లేకపోతే కొమ్మ ఉన్న శక్తంతా పువ్వు మీద పెట్టి వేరు సంగతి మరిచిపోతుంది. సబ్బు నీళ్ళలో ఒకసారి ముంచి కడిగితే పిండినల్లి మీ ఇంటికి రాదు. ఆపైన ఒక సీసాలో రెండు కణుపులు మునిగేలా నీళ్ళు. సీసాకు పాత పేపరు చుట్టండి, వెలుతురు తగిలితే పాచి పడుతుంది. నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర పెట్టండి. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చండి. కుళ్ళకుండా ఉండటానికి అది అవసరం, డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు వారం పది రోజులు పడుతుంది కాబట్టి దోమల భయమూ ఉండదు. మూడు నాలుగు వారాల్లో తెల్లని వేళ్ళు కనిపిస్తాయి. రెండు అంగుళాలు కాగానే కుండీలోకి మార్చండి. ఇంకా ఆగకండి. నీళ్ళలో పెరిగిన వేళ్ళు పెళుసు, ముదిరితే మట్టికి అలవాటు పడలేవు. మొదటి వారం నీడలో ఉంచి మట్టిని తడిగా చూసుకోండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో ఇది బాగా పట్టుతుంది, డిసెంబరు చలిలో మొరాయిస్తుంది. రేకమందారం సులువు, ముద్దమందారం కాస్త ఆలస్యం. నర్సరీల్లో దొరికే పళ్ళెమంత పూల హైబ్రిడ్లు చాలావరకు నీళ్ళలో వేరు పట్టవు, వాటిని మన నాటు ఎర్ర మందారం మీదే అంటు కడతారు. చూశారా, ఆ షోకు పూలన్నీ నిలబడేది కూడా ఈ "లో వాల్యూ" చెట్టు వేళ్ళ మీదే. కుండీలో పెరిగాక ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది మన బోరు నీటి సున్నపుదనం వల్ల ఇనుము అందకపోవడం. వర్మీకంపోస్టు వేయండి, తగ్గకపోతే చీలేటెడ్ ఐరన్. ఎముకల పొడి గుప్పెళ్ళతో వేయకండి, భాస్వరం ఎక్కువైతే మందారానికి ఇంకా చేటు.

సీసాలో నీళ్ళు, అందులో వేళ్ళు, మట్టి లేదు. మన పిల్లలకు హైడ్రోపోనిక్స్ నేర్పాలని కమిటీకి నిజంగా ఉంటే మొదటి పాఠం ఇదే. వేరు నీళ్ళలో ఎలా పుడుతుందో కళ్ళతో చూసిన పిల్లవాడికి రెండో పాఠంగా బకెట్లో పాలకూర నేర్పవచ్చు. తర్వాత పెద్దవాళ్ళం కావాలంటే ఎస్‌టీపీ చివరి ట్యాంకు మీద నెక్నాంపూర్ తరహాలో చిన్న వెదురు చట్రం తేలేసి, మందారం, కన్నా పెట్టి, నీళ్ళు ఎంత తేటపడతాయో చూద్దాం. ముందు ఎస్‌టీపీ ఆపరేటర్‌ను అడిగి, నీటి పరీక్ష చేయించి మరీ చేద్దాం. కొటేషన్‌లో ఒక్క ఆర్‌వో యూనిట్ ఖరీదుతో ఇవన్నీ అయిపోతాయని మా అంచనా. తప్పైతే లెక్క చూపించండి, సరిదిద్దుకుంటాం.

మన తోటమాలి సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. నిర్వహణ ఒప్పందం ప్రకారం స్తంభాలు చూసుకునేది కంపెనీ మనిషి. మరి ఇన్నేళ్ళుగా ఈ మొక్కలకు నీళ్ళు పోసిన ఆయనకు ఏ పని మిగులుతుంది? అడిగితే "అవుట్ ఆఫ్ స్కోప్" అన్నారు.

ఆదివారం ఉదయం పదిన్నరకు క్లబ్‌హౌస్‌లో మీటింగ్. కోరం లేదని వాయిదా వేసి, తర్వాత వారం పదిమందితో ఆమోదించుకునే అలవాటు మనకు ఉంది కాబట్టి దయచేసి వచ్చి కూర్చోండి. ఫ్లాటు యజమాని రాలేకపోతే ప్రాక్సీ ఫారం శనివారం సాయంత్రంలోపు ఆఫీసులో ఇవ్వాలి. మా తరఫున సవరణ తీర్మానం మూడు వాక్యాలు: మందార వరుస యథాతథంగా ఉండాలి, స్తంభాల కొటేషన్‌ను నీటి లెక్క, ఆర్‌వో లెక్క, పారబోసే ద్రావణం లెక్క ఇచ్చేదాకా పక్కన పెట్టాలి, ఈ వానాకాలం కత్తిరింపు కొమ్మలను చెత్త బండికి కాక సభ్యులకు ఇవ్వాలి.

మీటింగ్ అయ్యాక కింద ప్రహరీ దగ్గర ఉంటాం. కత్తెరలు మావి, సబ్బు నీళ్ళ బకెట్టు మాది. మీరు ఒక ఖాళీ సీసా, ఒక పాత పేపరు తెచ్చుకోండి. అత్తయ్యలను, మామయ్యలను కూడా తీసుకురండి. కొమ్మ ఎక్కడ కోయాలో మాకంటే వాళ్ళకే బాగా తెలుసు.